ఐదు దాటకముందే

నెల ఒకటో తారీకు. వేసవి. తూర్పున సముద్రం మీద ఎర్రజీర కనబడుతోంది గానీ కొబ్బరితోటల్లో ఇంకా చీకటి విడలేదు. వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఊళ్లో, రామమందిరం అరుగు పక్కన మీరు నిలబడి ఉన్నారు. ఊరి పేరు చెప్పను. వజ్రపుకొత్తూరు, పలాస, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్లో ఏ ఊరి పేరు పెట్టుకున్నా ఈ ఉదయం ఇలాగే ఉంటుంది. ఈ ఏడు మండలాల్నీ కలిపి ఉద్దానం అంటారు. శ్రీకాకుళం జిల్లాకి ఉత్తరపు కొస, దాటితే ఒడిశా.

రాలి పులిసిన జీడిమామిడి పళ్ల వాసన వస్తోంది. ఎవరి పెరట్లోనో పనస పండింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలకూల్చాక మళ్లీ నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడు ఎదిగాయి. చూసినంత మేరా పచ్చగానే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకి ఈ ఊళ్లో ఏ కష్టమూ కనబడదు.

స్కూటీ వచ్చి ఆగుతుంది. గ్రామ సచివాలయంలో పనిచేసే సంక్షేమ సహాయకురాలు దిగుతుంది. ఊళ్లో వాళ్లకి ఆమె వెల్ఫేరమ్మ. ముప్పై నిండని మనిషి. నిన్న బ్యాంకులో తీసిన డబ్బు సంచిని భుజానికి అడ్డంగా వేసుకుని పైన చున్నీ కప్పుకుంది. చేతిలో ఫోను, దానికి తగిలించిన వేలిముద్ర పరికరం. వెనకాలే ఆశా కార్యకర్త నడిచి వస్తోంది. పింఛన్ల పంపిణీ ఆమె పని కాదు. అయినా ఒకటో తారీకున తప్పకుండా వస్తుంది, ఎందుకంటే ఈ ఒక్క ఉదయమే మనుషులు ఇళ్లలో దొరుకుతారు. మిగతా రోజుల్లో తెల్లారేసరికి తోటల్లో ఉంటారు. ఆమె చంకలో అట్ట నలిగిన పొడవాటి నోటుపుస్తకం ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోండి.

మొదటి ఇంటి అరుగు మీద ముసలమ్మ ముఖం కడుక్కుని బొట్టు పెట్టుకుని సిద్ధంగా కూర్చుంది.

"ఏటమ్మా, ఇప్పుడా రావడం?"

"ఇంకా తెల్లారనే లేదు మామ్మా. వేలు పెట్టు."

ముసలమ్మ చూపుడువేలు పెడుతుంది. ఫోను ఒప్పుకోదు. బొటనవేలు పెడుతుంది. ఒప్పుకోదు. చీరచెంగుతో చెయ్యి తుడుచుకుని ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే పెడుతుంది. ఆ చేతుల్ని దగ్గరగా చూడండి. పలాస, కాశీబుగ్గ జీడి కర్మాగారాల్లో ఏళ్ల తరబడి పిక్కలు కొట్టి వచ్చిన చేతులవి. పిక్క పెంకులో ఉండే నూనె తోలుని కాల్చేస్తుంది, వేళ్ల కొసలు నల్లబడి నున్నగా అయిపోతాయి. గీతలు మిగలని చోట ముద్ర ఎక్కడి నుంచి పడుతుంది? దేశమంతా తినే పలాస జీడిపప్పు ఈ వేళ్ల మీదుగానే వెళ్లింది.

"నా ఏల్లు అరిగిపోనాయమ్మా, నానేటి సెయ్యను?" అంటుంది ముసలమ్మ, తనదేదో తప్పయినట్టు.

"నువ్వేమీ చెయ్యక్కర్లేదు మామ్మా. ఇటు నా వైపు చూడు. రెప్ప కొట్టు." ఫోను ఆమె ముఖాన్ని గుర్తుపడుతుంది. ఎనిమిది ఐదువందల నోట్లు లెక్కపెట్టి వెల్ఫేరమ్మ ఆమె చేతిలో పెడుతుంది. 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000 రూపాయలు. ముసలమ్మ డబ్బు మళ్లీ లెక్కపెట్టదు. ఒక నోటు తీసి విడిగా ముడి వేసుకుంటుంది. మనవడి మందులకట.

రెండో ఇంటి ముందు వెల్ఫేరమ్మ అడుగు నెమ్మదిస్తుంది. ఈ ఇంట్లో ఆమె ఇన్నాళ్లూ డబ్బిచ్చింది ఇంటాయనకి. ఆయన పోయాడు. పింఛను తీసుకునే భర్త చనిపోతే వచ్చే నెల నుంచే భార్యకి వితంతు పింఛను ఇవ్వాలని ఇప్పుడు నియమం ఉంది. మునుపటిలా కొత్త దరఖాస్తు పెట్టి మంజూరు కోసం ఏడాదులు ఎదురుచూడక్కర్లేదు. మంచి నియమం. కానీ గుమ్మంలో నిలబడ్డ ఆ మనిషికి నలభై లేవు. కొంగు పట్టుకుని చిన్న గుంట నిలబడింది. వేలు పెట్టమని అడగడానికి వెల్ఫేరమ్మకి నోరు రావడం లేదు. ఆశా ముందుకొచ్చి ఆమె చెయ్యి పట్టుకుని పరికరం మీద పెడుతుంది. పనయిపోతుంది. ఎవరూ ఏమీ మాట్లాడరు. గుంటకి బడి ఎప్పుడు తెరుస్తారని ఆశా అడుగుతుంది, అంతే.

మూడో ఇంట్లో డయాలసిస్ రోగి. నెలకి 10,000. ఆయన ఇంట్లో లేడు.

"తెల్లారుగట్ట ఆటోకే పలాస ఎల్పోనాడు. ఇయాల ఆరింటి వంతు," అంటుంది ఆయన భార్య. పింఛను ఆయన చేతికే ఇవ్వాలి. సాయంత్రం మళ్లీ వస్తానని చెప్పి వెల్ఫేరమ్మ ముందుకి కదులుతుంది.

ఆశా మాత్రం కదలలేదు. అదే వాకిట్లో, అదే పందిరి కింద పక్కవాటా ఉంది. డయాలసిస్ మనిషికి తమ్ముడిది. ఈ వాటాలో ఎవరికీ ఏ పింఛనూ లేదు, వెల్ఫేరమ్మ జాబితాలో దీని ప్రస్తావనే లేదు. ఆశా పుస్తకంలో ఉంది. ఆమె తలుపు తడుతుంది. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి, కొబ్బరి దింపేవాడు, నడుముకి కత్తి దోపుకుంటూ బయటికొస్తాడు.

"తమ్ముడూ, పోయిన్నెల పరీక్షకి రాలేదేటి?"

"పనుంది గదప్పా."

"కిందటిసారి ఎంతొచ్చిందో తెలుసా?"

"రెండు పాయింటు నాలుగు."

"అంతకుముందు?"

"ఒకటి పాయింటు తొమ్మిది." అతనికి అన్నీ గుర్తున్నాయి. ఉద్దానంలో క్రియాటినిన్ అంకె చదువుకోనివాళ్లకి కూడా నోటికొచ్చు. "నాకేటీ నేదప్పా. అన్నం తింతన్నాను, సెట్టెక్కుతన్నాను. ఐదు దాటినోల్లకి గదా పింఛను. నాది దాటనేదు."

ఇక్కడ కాసేపు ఆగండి. ఈ ఊరి కథంతా అతను చెప్పిన ఆఖరి మాటలో ఉంది.

మూత్రపిండాలు వడపోసి బయటికి పంపాల్సిన మలినాల్లో క్రియాటినిన్ ఒకటి. ఆరోగ్యంగా ఉన్న మగవాడి రక్తంలో అది డెసిలీటరుకి 1.3 మిల్లీగ్రాములు దాటదు. ఉద్దానంలో కిడ్నీ పింఛనుకి ముఖ్యంగా చూసేది ఆ అంకె 5 దాటిందా అని. అంటే మూత్రపిండాలు దాదాపుగా పని మానేశాక ప్రభుత్వం చెయ్యి అందుతుంది. ఇతని 2.4కి అర్థం, మూడోవంతు వడపోత మాత్రమే మిగిలిందని. నొప్పి లేదు, వాపు లేదు, ఆకలి పోలేదు. చెట్టెక్కుతున్నాడు. అందుకే తనకేమీ లేదనుకుంటున్నాడు.

మిగతా చోట్ల కిడ్నీ జబ్బు చక్కెర వ్యాధి వెనకాలో రక్తపోటు వెనకాలో వస్తుంది. ఉద్దానంలో ఆ రెండూ లేనివాళ్లకే ఎక్కువగా వస్తోంది. పొలాల్లో, తోటల్లో ఒళ్లు వంచి పనిచేసేవాళ్లకి, పనిచేసే వయసులోనే వస్తోంది. మూత్రంలో ప్రోటీను కూడా పెద్దగా పోదు కాబట్టి మామూలు మూత్రపరీక్షలో బయటపడదు. 1990లలోనే స్థానిక వైద్యులు దీన్ని గుర్తించారు. విశాఖ కింగ్‌జార్జి ఆసుపత్రిలో నెఫ్రాలజీ ఆచార్యుడిగా పనిచేసిన డాక్టర్ టి. రవిరాజు వంటివారు ఏళ్ల తరబడి ఈ ఊళ్లు తిరిగారు. 2019లో అచ్చయిన ఒక అధ్యయనంలో, పరీక్ష చేసిన పెద్దవాళ్లలో సుమారు 18 శాతం మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి కారణం చెప్పలేకపోయారు. నీళ్లలో సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒంట్లో నీరు ఆవిరైపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, వంశమన్నారు. ఏ ఒక్కటీ ఇంతవరకు ఖాయం కాలేదు. శ్రీలంకలో అనురాధపురం, పొలన్నరువ వైపు వరి రైతులకీ, నికరాగువా, ఎల్‌సాల్వడార్ చెరుకు కూలీలకీ ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో శరీరకష్టం చేసే పేదవాళ్లు అన్న పోలిక మూడుచోట్లా ఒక్కటే.

ఆశాకి ఈ అధ్యయనాలు తెలియవు. ఆమెకి వాకిలి తెలుసు. పందిరి అవతలి వాటా వైపు చూపించి అడుగుతుంది:

"మీ అన్నకి ఎప్పుడు తెలిసింది?"

అతను మాట్లాడడు.

"సెప్పు తమ్ముడూ. ఎంతలో తెలిసింది?"

"పదకొండులో."

"ఆయనా అలాగే అన్నాడు. చెట్టెక్కుతున్నాను, నాకేటి అని. పద."

అతను నడుముకున్న కత్తి తీసి చూరులో పెడతాడు. ఒక పూట కూలి పోయింది. ఆ పూట కూలి అతనికి ఎవరూ ఇవ్వరు. ఈ విషయం దగ్గరకి మళ్లీ వస్తాను.

ఊరి చివర విలేజ్ హెల్త్ క్లినిక్. రెండు గదులు, ముందు వరండా, గోడ మీద టీకాల పట్టిక. బల్ల వెనక కూర్చున్నది నర్సింగు చదివి ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలిగా, వచ్చిన అమ్మాయి, పక్కన ఏఎన్ఎం. వరండాలో బాలింత ఒకామె బిడ్డకి సూది వేయించడానికి కూర్చుంది. ఇద్దరు ముసలివాళ్లు బీపీ మాత్రల కోసం వచ్చారు. రక్తం తీయడం నిమిషంలో అయిపోతుంది. ఆ గొట్టం ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ల్యాబుకి వెళుతుంది. బీపీ చూస్తారు, బరువు చూస్తారు. లేవబోతుంటే ఎంఎల్‌హెచ్‌పీ అతని చొక్కా జేబు వైపు చూస్తుంది.

"అవేంటి?"

తీస్తాడు. సగం వాడేసిన డైక్లోఫెనాక్ మాత్రల అట్ట.

"బుజాలు పీకుతాయమ్మా. ఆరెంపీ బాబు ఇచ్చినాడు. ఏసుకుంటే గానీ రెండోపూట సెట్టెక్కలేను."

ఆమె కోప్పడదు. కోప్పడితే అతను మళ్లీ రాడని ఆమెకి తెలుసు. ఈ మాత్ర మూత్రపిండాలకి రక్తం వెళ్లే దారిని బిగించేస్తుందనీ, ఎండకి చెమటోడ్చి నీళ్లు తక్కువైన ఒంట్లో అయితే ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుందనీ నెమ్మదిగా చెబుతుంది. పారాసిటమాల్ కట్టి ఇస్తుంది. ఉప్పు తగ్గించమంటుంది. చెట్టు దిగినప్పుడల్లా నీళ్లు తాగమంటుంది. మూడు నెలల తర్వాత తేదీ కార్డు మీద రాస్తుంది. ఆశా అదే తేదీని తన పుస్తకంలో రాసుకుంటుంది.

ఆ పుస్తకం ఒకసారి తెరిపించి చూడండి. ఒక్కో కుటుంబానికి ఒక పేజీ. పేరు, వయసు, అంకె, తేదీ. 1.4, 1.6, 1.6, 2.1. కొన్ని పేర్ల పక్కన అంకెలు మెట్లు ఎక్కినట్టు ఎక్కాయి. కొన్ని పేర్ల పక్కన చాలాకాలంగా నిలకడగా ఉన్నాయి. ఆ నిలకడే ఈ ఊళ్లో నిజమైన వైద్యం. అంకె ఎక్కకుండా ఆపగలిగిన ప్రతి ఏడాదీ ఒక మనిషికి డయాలసిస్ లేని ఏడాది. కొన్ని పేర్ల పక్కన పరీక్షకి రాలేదని రాసుంది, చెన్నై, హైదరాబాదు, ముంబై అని ఊళ్ల పేర్లున్నాయి. వలస పోయినవాళ్లు. పండక్కి వచ్చినప్పుడు పట్టుకోవాలి అంటుంది ఆశా.

ఇక పలాసకి ఆటో ఎక్కండి. జీడితోటల మధ్య నుంచి దారి. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రమూ, దానితోపాటు 200 పడకల ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. ఒకప్పుడు ఈ ఊళ్ల రోగులు దాదాపు 200 కిలోమీటర్ల దూరంలోని విశాఖకి వెళ్లేవారు. వారానికి రెండు మూడుసార్లు ఆ ప్రయాణం చేయలేక మానేసినవాళ్లు ఎంతోమంది. మానేస్తే మనిషి రోజుల్లో పోతాడు. ఇప్పుడు పలాసలోనే కాక సోంపేట, కవిటి, టెక్కలి ప్రభుత్వాసుపత్రుల్లో కూడా డయాలసిస్ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. 2017లో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి ఈ జబ్బు గురించి మాట్లాడాక రాష్ట్రమంతా ఇటు చూసింది. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు కేంద్రాలు తెరిచాయి, పింఛన్లు పెంచాయి. ఏ పార్టీ ఎంత చేసిందన్న వాదన ఈ వార్డులో పడుకున్నవాళ్లకి అక్కర్లేదు. పలాసలో యంత్రం ఉండటమే వాళ్లకి కావాలి, అది ఉంది.

వార్డులోకి చెప్పులు విడిచి రండి. వరసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా నిలువెత్తు యంత్రం. కిటికీ పక్క మంచం మీద మనం వెతుకుతున్న పెద్దన్న పడుకుని ఉన్నాడు. ఎడమచేతికి రెండు సూదులు. ఒక దాంట్లోంచి రక్తం బయటికి వెళ్లి, యంత్రంలో తిరిగి, రెండో దాంట్లోంచి ఒంట్లోకి వస్తోంది. సూదులు గుచ్చిన చోట నరం తాడులా ఉబ్బింది. దాన్ని ఫిస్టులా అంటారు, ధమనినీ సిరనీ కలిపి కుట్టి తయారుచేస్తారు. అడిగితే తాకనిస్తాడు. వేలు ఆనించగానే లోపల ఝుమ్మని రక్తం పరిగెత్తడం తెలుస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు. అతనూ కొబ్బరి దింపేవాడే. చెట్టు మానేసి అప్పుడే ఏళ్లయింది.

"పొద్దున తూకం ఏసినారు బాబూ. మూడు కేజీలు పెరిగినాను. తిండి గాదు, నీలే."

మూత్రం రాదు కాబట్టి తాగిన ప్రతి చుక్కా ఒంట్లోనే నిలుస్తుంది. రోజుకి ఇన్ని నీళ్లేనని కొలిచి చిన్న సీసాలో పోసుకుంటారు. అన్నంలో కలిపిన పులుసూ, పాలూ, టీ కూడా ఆ కొలతలోవే. వేసవిలో నాలుక పిడచకట్టుకుపోతుంటే నోరు పుక్కిలించి ఉమ్మేస్తారు. లేదంటే చిన్న ఐసుముక్క నాలుక కింద పెట్టుకుంటారు. ఈ నాలుగు గంటల్లో అతని పక్కన యంత్రం వాడే శుద్ధజలం 120 లీటర్లు.

ఇంకొకటి చెబుతాడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "బోండాం నీలు తాగొద్దన్నారు. పనసతొన తినొద్దన్నారు. జీడిపప్పు ముట్టొద్దన్నారు. మరి మా ఉద్దానంలో ఇంకేటున్నాది?"

నిజమే. కొబ్బరినీళ్లలో, పనసలో పొటాషియం ఎక్కువ. పాడైన మూత్రపిండాలు దాన్ని బయటికి పంపలేవు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోతుంది. జీడిపప్పులో భాస్వరం కూడా ఎక్కువే. తన చేత్తో నాటిన చెట్టు కాయ తనకే విషమైపోయింది. నేను విన్న మాటల్లో నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

మూడో గంటకి అతని పిక్కలు పట్టేస్తాయి. నర్సు పరుగున వచ్చి యంత్రం వేగం తగ్గిస్తుంది, పాదం పట్టుకుని వెనక్కి వంచుతుంది. పక్క మంచం వాళ్ల మనిషి కూడా లేచి వచ్చి రెండో కాలు పట్టుకుంటుంది. ఇక్కడ అందరూ ఒకరికొకరు వారాల తరబడి తెలిసినవాళ్లు. ఏ మంచం మీద ఎవరు రావడం మానేశారో కూడా తెలుసు. దాని గురించి మాట్లాడుకోరు.

నొప్పి తగ్గాక అతను అడుగుతాడు:

"మా తమ్ముడ్ని తీస్కెల్లినారా పరీక్షకి?"

తీసుకెళ్లారని చెప్పండి.

"ఎంతన్నారు?"

ఇంకా రాలేదని చెప్పండి. అతను కళ్లు మూసుకుంటాడు. "నాకు పది వేలు ఇస్తన్నారు. ఆటోకి, మందులకి, తోడొచ్చినోల్ల కూలి పోడానికి సరిపోతాది. దాన్ల సగం ఆడికి ముందే ఇచ్చుంటే ఆడు నాలాగ అవ్వడు."

ఏ ప్రణాళికా సమావేశంలోనూ నేను ఇంత స్పష్టమైన మాట వినలేదు.

మధ్యాహ్నం తిరుగుదారిలో ఊరి పొలిమేరలో దిగండి. రోడ్డు పక్క ఓవర్‌హెడ్ ట్యాంకు. హిరమండలం దగ్గర వంశధార జలాశయం నుంచి 700 కోట్ల రూపాయల పథకంతో గొట్టాలు వేసి ఈ మండలాలకి నది నీళ్లు తెస్తున్నారు. జబ్బుకి భూగర్భజలమే కారణమని తేలలేదు, కాదనీ తేలలేదు. తేలేదాకా ఆగకుండా మంచినీళ్లు ఇవ్వడం సరైన పని. ఈ నీళ్లు ప్రతి కుళాయికీ, ప్రతిరోజూ రావాలి. గొట్టం పగిలినా మోటారు కాలినా జనం మళ్లీ బోరు దగ్గరికే వెళతారు. అప్పుడు గంటల్లో బాగుచేయించాల్సింది సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటూ పంచాయతీ కార్యదర్శీ.

చెరువు గట్టున పూడిక తీసే పని నడుస్తోంది. ఎండ నెత్తిమీద ఉంది. ఆడవాళ్లు తట్టలు మోస్తున్నారు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే పనిచోట తాగునీరూ నీడా ప్రథమచికిత్స పెట్టే ఉండాలని రాశారు. ఇక్కడ ఒక తాటాకు పందిరి వేశారు, కింద కుండ పెట్టారు. మంచిదే. కానీ పందిరి గట్టుకి ఈ కొసన ఉంది, తవ్వకం ఆ కొసకి జరిగిపోయింది. నీళ్ల కోసం ఎండలో అంత దూరం నడిచి వస్తే ఆ పూట కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. అందుకని తాగరు. మిగతా జిల్లాల్లో ఇది అసౌకర్యం మాత్రమే, ఉద్దానంలో ప్రాణం మీదికి వచ్చే సంగతి. మధ్య అమెరికాలో కొన్ని చెరుకుతోటల్లో కూలీలకి నీళ్లు, విశ్రాంతి, నీడ అన్న మూడింటినీ నియమంగా పెట్టి పని గంటలు మార్చారు. అక్కడ చక్కెర కంపెనీలు ఒప్పుకున్నదాన్ని ఇక్కడ పంచాయతీ చేయలేదా? పందిరిని తవ్వకం వెంట జరపడానికి కోట్లు అక్కర్లేదు. నలుగురు మనుషులు చాలు.

సాయంత్రం వెల్ఫేరమ్మ మాట ప్రకారం వచ్చింది. పెద్దన్న పలాస నుంచి వచ్చి నులకమంచం మీద వాలిపోయి ఉన్నాడు. డయాలసిస్ అయిన రోజు అతను లేచి కూర్చోలేడు. ఆమె వంగి కుడిచేతి వేలు పరికరానికి ఆనిస్తుంది. ఇరవై నోట్లు లెక్కపెట్టి అతని భార్య చూస్తుండగా అతని చేతిలో పెడుతుంది. పొద్దున ఐదింటి నుంచి ఆమె సరిగా అన్నం తినలేదు. తన జాబితాలో ఇదే ఆఖరి పేరు.

తమ్ముడి రిపోర్టు మర్నాడు వచ్చింది. 2.5.

పాయింటు ఒకటి మాత్రమే పెరిగింది. ఉరుకు తగ్గింది. మాత్రలు మానేసి, నీళ్లు తాగి, బీపీ అదుపులో పెట్టుకుని అతను ఈ అంకె దగ్గర ఏళ్ల తరబడి నిలబడగలడు. అతన్ని నిలబెట్టేది పలాస ఆసుపత్రి కాదు. ఊళ్లో ఉన్న రెండు గదుల క్లినిక్కూ ఆశా చంకలోని నోటుపుస్తకమూ నిలబెడతాయి. మన స్థానిక ప్రభుత్వం చేయగలిగిన అతి పెద్ద పని ఒకటి పాయింటు ఐదుకీ ఐదుకీ మధ్యనే ఉంది. డబ్బూ శ్రద్ధా మాత్రం ఐదు దాటాకే మొదలవుతున్నాయి. పది వేలు తగ్గించమని నేను అనడం లేదు, ఆ పది వేలూ ఉండాల్సిందే. దానికంటే ముందు, 1.5 దాటిన ప్రతి మనిషినీ సచివాలయం రికార్డులోకి ఎక్కించాలి. మూడు నెలలకోసారి పరీక్షకి వచ్చిన పూట కూలి పోకుండా ఎంతో కొంత చేతిలో పెట్టాలి. వేసవిలో పని తెల్లవారుజామునే మొదలై ఎండ ముదరకముందే ఆగాలి. పరీక్షకి రానివాళ్లు ఎందరో, ఎందుకు రాలేదో నెలనెలా పంచాయతీ సమావేశంలో చదివి వినిపించాలి. ఆశా కార్యకర్త తన కాళ్ల మీదా తన పుస్తకం మీదా నడుపుతున్న ఈ పనిని ప్రభుత్వం తన సొంత పనిగా తీసుకోవాలి, ఆమెకి అందుకు తగిన జీతం ఇవ్వాలి.

సర్పంచులకీ, ఎంపీడీవోలకీ, జిల్లా అధికారులకీ ఇదే నా విన్నపం. మీరు ఉద్దానం వాళ్లయితే, ఇప్పుడు ఏ ఊళ్లో ఏ పనిలో ఉన్నా, ఒంట్లో ఏ బాధా లేకపోయినా, ఈ నెలలోనే రక్తం ఇచ్చి మీ క్రియాటినిన్ ఎంతో తెలుసుకోండి. నొప్పి మాత్ర కొనేముందు డాక్టర్ని అడగండి. ఇంట్లో ఒకరికి జబ్బు వచ్చి ఉంటే మిగతా అందరికీ పరీక్ష చేయించండి, ఈ వారమే.